ఒగుండే చేతిలో టికెట్ పెట్టె: యోరుబా సినిమా ఎలా పుట్టింది, ఎక్కడ చిక్కుకుంది

సంక్షిప్తంగా: నైజీరియా సినిమా 1992లో వీడియో క్యాసెట్లతో మొదలైందని చాలామంది అనుకుంటారు. యోరుబా అనేది ఆ దేశపు నైరుతి ప్రాంత ప్రజల పేరు, వారి భాష పేరు కూడా. దానికి దాదాపు యాభై ఏళ్ల ముందే హ్యూబర్ట్ ఒగుండే అనే మాజీ పోలీసు, ఊరూరా తిరిగే నాటక సమాజంతో ఈ సినిమాకు పునాది వేశారు. రచన, నటన, పెట్టుబడి, బండి, టికెట్లు అన్నీ ఒకే మనిషి చేతిలో ఉండటం ఆయన పద్ధతి. బ్యాంకులు, స్టూడియోలు లేని చోట సినిమా తీయగలిగింది దాని వల్లే. వీడియో కాపీలు వచ్చాక ఆ తరం దెబ్బతిన్నదీ దాని వల్లే.

నెట్‌ఫ్లిక్స్‌లో 2022లో 'అనికులాపో', 2023లో 'జగున్ జగున్' వచ్చాక యోరుబా భాష సినిమాలు మన దగ్గర కూడా కొందరి కంట పడ్డాయి. పాత రాజ్యాలు, శాపాలు, మూలికలు, మంత్రాలు, డప్పులు, సామెతలతో నిండిన సంభాషణలు. ఇదంతా ఓటీటీ వాళ్ల కోసం కొత్తగా తయారైందేమో అనిపిస్తుంది. నిజానికి ఈ కథనం పద్ధతి 1940ల నాటి లాగోస్ చర్చి హాళ్ల నుంచి తెగకుండా వస్తోంది.

ఎంత పెద్ద పరిశ్రమ ఇది అన్న సందేహం ఉంటే ఒక లెక్క చూడొచ్చు. యునెస్కో 2009లో విడుదల చేసిన సర్వే ప్రకారం 2006లో భారత్ 1,091 సినిమాలు తీస్తే నైజీరియా 872 తీసింది. అమెరికా 485తో మూడో స్థానంలో ఉంది. నైజీరియా సినిమాల్లో సగానికి పైగా స్థానిక భాషలవే, వాటిలో యోరుబాది మొదటి స్థానం. బయటి ప్రపంచం నాలీవుడ్ (నైజీరియా సినిమా పరిశ్రమ) అనగానే ఇంగ్లిష్ సినిమాలను తలచుకుంటుంది కాబట్టి ఈ సంగతి మరుగున పడిపోయింది.

పాస్టర్ ఇల్లు, పోలీసు ఉద్యోగం

ఒగుండే 1916లో నైరుతి నైజీరియాలోని ఇజెబు-ఓడె పట్నానికి దగ్గర్లో ఉన్న ఒసోసా అనే ఊళ్లో పుట్టారు. తండ్రి బాప్టిస్టు పాస్టర్. తల్లి వైపు కుటుంబంలో పాత యోరుబా మతం బలంగా ఉండేది. అందుకే చిన్నప్పుడు ఒక పక్క చర్చి ఆర్గన్ వాయిస్తూనే, ఇంకో పక్క పూర్వీకుల పేరిట ముసుగులు వేసుకుని ఆడే ఎగున్‌గున్ బృందాల వెంట తిరిగారు. ఆయన కళకు ఈ రెండూ మూలాలే. తర్వాతి నాటకాల్లో క్రైస్తవ కీర్తన, ఈఫా (యోరుబాల సంప్రదాయ జోస్య పద్ధతి) జోస్యుడి మంత్రం ఒకే వేదిక మీద వినిపించడం వెనుక ఉన్నది ఈ బాల్యమే.

కొన్నాళ్లు బడి పంతులుగా పనిచేసి 1941లో వలస ప్రభుత్వ పోలీసు శాఖలో చేరారు. ఉద్యోగం ఆయన్ను లాగోస్‌కు తెచ్చింది. అక్కడ అలాదురా చర్చిలు అప్పుడే ఊపందుకుంటున్నాయి. ఇవి ఆఫ్రికన్లు సొంతంగా పెట్టుకున్న చర్చిలు. తెల్లవాళ్ల మిషన్ చర్చిల్లో డప్పుకు, యోరుబా పాటకు చోటు తక్కువ. అలాదురా వాళ్లు వాటినే ముందుకు తెచ్చారు. బైబిలు కథలను పాటలుగా కట్టి ఆడించేవారు. వాటికి టికెట్ పెట్టి చర్చి నిధులు పోగుచేసేవారు.

అలాంటి ఒక చర్చి అడిగితే 1944లో ఒగుండే ఏదెను తోట కథను సంగీత నాటకంగా కట్టారు. లాగోస్‌లోని గ్లోవర్ మెమోరియల్ హాల్లో ప్రదర్శన. జనం విరగబడ్డారు. అంతవరకు ఇలాంటి నాటకాల్లో పాత్రధారులు వరసగా నిలబడి పాడి వెళ్లేవారు. ఒగుండే వాళ్లను కదిలించారు, ఆడించారు, నటించమన్నారు. మరుసటి ఏడాదే ఆఫ్రికన్ మ్యూజిక్ రిసెర్చ్ పార్టీ పేరుతో సొంత సమాజం పెట్టి, పోలీసు ఉద్యోగం వదిలేశారు. నాటకం ఆడటమే బతుకుతెరువుగా నైజీరియాలో నడిచిన తొలి ఆధునిక సమాజంగా దీన్ని నాటకరంగ చరిత్రకారులు లెక్కేస్తారు.

చర్చి నిధుల కోసం వచ్చే టికెట్ డబ్బుతో ఒక సమాజం సొంతంగా బతకగలదని ఆయన గ్రహించారు. నటుడిగా ఆయన ఎంత గొప్పవారన్న చర్చ కన్నా ఈ వ్యాపార నిర్ణయానికే చరిత్రలో ఎక్కువ బరువు ఉంది.

నాటకం బండి నడిచిన తీరు

ఒగుండే సమాజం, ఆ తర్వాత దాన్ని చూసి పుట్టిన సమాజాలు ఒకే పద్ధతిలో నడిచాయి. సమాజానికి పెద్ద ఒక్కరే. కథ ఆయనది, ముఖ్యపాత్ర ఆయనది, వాన్ ఆయనది, అప్పు కూడా ఆయన పేరు మీదే. ఊరు చేరగానే వాన్ మీద మైకు పెట్టి వీధులు తిరుగుతారు. హోటల్ ఆవరణో, బడి హాలో, టౌన్ హాలో అద్దెకు తీసుకుంటారు. రాత్రి ఆట. టికెట్ల దగ్గర కూర్చునేది నమ్మకస్తులు, అంటే చాలాసార్లు ఇంటి మనుషులే. ఆట అయ్యాక సామాను సర్దుకుని ఇంకో ఊరు.

ఆట కూడా ఒక వరసలో సాగేది. ముందు 'ఓపెనింగ్ గ్లీ', అంటే తెర లేచీ లేవగానే మొత్తం బృందం చేసే పాటా నృత్యం. తర్వాత అసలు కథ, చివర మళ్లీ పాట. డప్పుల పక్కన శాక్సాఫోన్ చేర్చారు ఒగుండే. సంభాషణలు పూర్తిగా రాసి బట్టీ పట్టించడం తక్కువ. సన్నివేశం సారం చెబితే నటులు ఆ ఊరి జనాన్ని బట్టి మాటలు అల్లుకునేవారు. జనం నవ్విన చోట సాగదీయడం, విసుక్కున్న చోట కత్తిరించడం ఎప్పటికప్పుడు జరిగిపోయేది.

ఈ ఏర్పాటులో కష్టమైన భాగం నటీమణులది. రాత్రులు ఊళ్లు తిరిగే పనికి ఆడపిల్లలను పంపడానికి కుటుంబాలు ఒప్పుకునేవి కావు. వచ్చినవారు పెళ్లి కాగానే మానేసేవారు. ఒగుండే తన సమాజంలోని నటీమణులను తానే పెళ్లి చేసుకుంటూ పోయారు. అలా పదిమందికి పైగా భార్యలు ఆయన వేదిక మీద నటించారు. బహుభార్యత్వం చెల్లుబాటైన చోట ఇది వింత కాదు కానీ, దీని ఆర్థిక కోణాన్ని దాటవేయకూడదు. నైపుణ్యం ఉన్న కళాకారిణులు సమాజం విడిచి వెళ్లకుండా ఉండటం, వసూళ్లు ఇంట్లోనే ఉండటం, పిల్లలు తర్వాతి తరం నటులు కావడం, ఈ మూడూ ఒకే ఏర్పాటుతో జరిగిపోయాయి. ఆ మహిళల శ్రమకు విడిగా జీతం లెక్క ఉండేదా అన్నది ఈ పద్ధతిని పొగిడేవారు సాధారణంగా అడగని ప్రశ్న.

1980ల మొదటికి ఇలాంటి సమాజాలు యోరుబా ప్రాంతంలో వందకు పైగా ఉండేవి. దురో లాదిపో, కోలా ఒగున్‌మోలా లాంటి పెద్దలు ఈ దారిలోనే వచ్చారు. సమాజాల ఫొటో కథలతో 1967 నుంచి 'అతోకా' అనే పత్రిక కూడా నడిచింది. ఇబాదాన్‌లో 1959లో టీవీ కేంద్రం మొదలయ్యాక నటుల ముఖాలు ఇళ్లలోకీ వచ్చాయి. కెమెరా ముందుకు వెళ్లే నాటికే వీరికి తయారైన ప్రేక్షకులు ఉన్నారన్నమాట.

ప్రభుత్వాలకు ఎందుకు గిట్టలేదు

1945 జూన్‌లో ధరల పెరుగుదలకు తగ్గ భత్యం కోసం నైజీరియా రైల్వే, తపాలా, ఇతర ప్రభుత్వ కార్మికులు నెలకు పైగా సమ్మె చేశారు. అదే ఏడాది ఒగుండే 'స్ట్రైక్ అండ్ హంగర్' ఆడారు. 1949 నవంబర్ 18న ఎనుగు దగ్గరి ఇవా లోయ బొగ్గు గనిలో పోలీసు కాల్పుల్లో 21 మంది కార్మికులు చనిపోయారు. దాని మీద 'బ్రెడ్ అండ్ బుల్లెట్' 1950లో వచ్చింది. ఉత్తరాది పట్నాల్లో వలస అధికారులు ఈ నాటకాలను అడ్డుకున్నారు.

పత్రిక చదవడం రాని జనానికి వార్త ఈ నాటకాల ద్వారానే చేరేది. ఒక సమాజం నెలకు ఎన్నో ఊళ్లు తిరుగుతుంది, పాటలు జనం నోళ్లలో నిలిచిపోతాయి. సంభాషణ కాగితం మీద లేకపోతే సెన్సార్ చేయడానికీ ఏమీ దొరకదు. అధికారుల భయానికి కారణం అదే.

స్వాతంత్ర్యం వచ్చాక పరిస్థితి మారుతుందనుకున్నవారికి 1964 ఒక షాక్. పశ్చిమ నైజీరియాలో యోరుబా నాయకులు రెండుగా చీలారు. ఒబాఫెమి అవోలోవో జైల్లో ఉన్నారు, ఆయన పాత సహచరుడు ఎస్.ఎల్. అకింతోలా ముఖ్యమంత్రి పీఠంలో ఉన్నారు. ఆ సమయంలో ఒగుండే 'యోరుబా రోను' ఆడారు. యోరుబాలారా, ఆలోచించండి అని దానర్థం. తన రాజునే శత్రువుకు పట్టించిన సహచరుడి కథ అది. ఎవరి గురించో అందరికీ అర్థమైపోయింది. ప్రాంతీయ ప్రభుత్వం పశ్చిమ నైజీరియా అంతటా ఒగుండే సమాజాన్ని నిషేధించింది. ఆయన ప్రేక్షకుల్లో అత్యధికులు ఉన్నది ఆ ప్రాంతంలోనే కాబట్టి బతుకుతెరువు మీద కొట్టినట్టే. 1966 జనవరి సైనిక కుట్ర తర్వాత గవర్నరుగా వచ్చిన అదెకున్లె ఫజుయి నిషేధాన్ని ఎత్తేశారు.

నిషేధం సమయంలో ఆయన్ను నిలబెట్టిన వాటిలో గ్రామఫోన్ రికార్డు ఒకటి. నాటకం ఆడకూడదన్న చోట కూడా పాట వినిపించింది. మనిషి ఊళ్లోకి రాకపోయినా అతని గొంతు రావొచ్చన్న సంగతి అప్పుడు ఆయనకు మేలు చేసింది. ఇరవై ఏళ్ల తర్వాత ఇదే సంగతి వీడియో క్యాసెట్ రూపంలో ఆయన తోటివారిని ముంచింది.

1979: సినిమాలోకి రావడం

1970ల్లో చమురు డబ్బుతో నైజీరియా నగరాలు ఉబ్బాయి. జనం దగ్గర ఖర్చు పెట్టడానికి డబ్బుంది, సినిమా హాళ్లూ ఉన్నాయి. కానీ వాటిలో ఆడేవి అమెరికన్ సినిమాలు, హాంకాంగ్ కరాటే సినిమాలు, హిందీ సినిమాలు. పంపిణీ చాలాభాగం లెబనీస్ వ్యాపారుల చేతిలో ఉండేది. హిందీ సినిమాలను ఉత్తర నైజీరియా హౌసా ప్రేక్షకుల్లో పాతుకునేలా చేసింది కూడా వాళ్లే. వ్యాపారాలను నైజీరియన్ల చేతికి మార్చే డిక్రీ 1972లో వచ్చినా, విదేశీ రీళ్లు చవగ్గా దొరికినంతకాలం స్థానిక సినిమాకు హాలు ఇవ్వాల్సిన అవసరం యజమానులకు కనిపించలేదు.

దారి చూపింది ఓలా బాలొగున్. పారిస్‌లో సినిమా చదివిన ఈ దర్శకుడు 1976లో దురో లాదిపో, అదెయెమి అఫోలయాన్ లాంటి రంగస్థల నటులతో 'అజాని ఒగున్' తీశారు. 'అదె లవ్' పేరుతో జనానికి తెలిసిన అఫోలయాన్ తర్వాత సొంతంగా సినిమాలు తీశారు. చదువుకున్న దర్శకుడికి ప్రేక్షకులు లేరు, సమాజం పెద్దకు కెమెరా తెలియదు. ఇద్దరి అవసరం ఒకచోట కలిసింది.

ఒగుండే 1979లో బాలొగున్ దర్శకత్వంలో తన నాటకం 'ఐయే'ను సినిమాగా తీశారు. రెండో సినిమా 'జైయేసిమి' (1980) నుంచి దర్శకత్వంలోకి తానే దిగి, బ్రిటిష్ ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ గూడ్‌ను పక్కన పెట్టుకున్నారు. తర్వాత 'అరోపిన్ న్‌తెనియా' (1982), 'అయాన్మో' (1988). సొంత ఊరు ఒసోసాలోనే షూటింగుల కోసం ఒక ఫిల్మ్ విలేజ్ కట్టుకున్నారు.

'ఐయే'లో ఆయన వేసిన పాత్ర ఓసేతురా. తెల్లబట్టలు కట్టిన వైద్యుడు, జోస్యుడు. ఊరికి కీడు చేసే మంత్రగత్తెల గుంపుతో తలపడతాడు. వేదిక మీద ఓసేతురా మంత్రం చదివితే, దాని ఫలితాన్ని డప్పు దరువుతోనో దీపం ఆర్పో చూపించాలి. మిగతాది ప్రేక్షకుడు ఊహించుకోవాలి. తెర మీద కెమెరా ఆపి మళ్లీ తిప్పితే మనిషి మాయమైపోతాడు. జనానికి ముందే తెలిసిన మంత్రం, ముందే నమ్మిన ముఖం, ఎన్నడూ చూడని మాయ, ఈ మూడూ కలవడంతో సినిమా విపరీతంగా ఆడింది.

సమ్మెల మీద నాటకాలు ఆడిన మనిషి మంత్రగత్తెల కథల్లోకి వెళ్లారని ఆ రోజుల్లో విశ్వవిద్యాలయాల విమర్శకులు కొందరు తప్పుపట్టారు. ఆ విమర్శలో నిజం ఉంది. అయితే ఖర్చు లెక్క కూడా చూడాలి. నాటకం నిషేధిస్తే ఆ వారం వసూళ్లు పోతాయి, కొత్త నాటకం కట్టుకోవచ్చు. సినిమా నిషేధిస్తే రీళ్లకు, ల్యాబ్‌కు ముందే పెట్టిన డబ్బంతా పోతుంది. పెట్టుబడి పెరిగేకొద్దీ తెగువ తగ్గడం సహజం.

ప్రింటుతో పాటే మనిషి

హాళ్ల గొలుసు అందుబాటులో లేదు, పంపిణీదారు మీద నమ్మకం లేదు. అందుకని సమాజం పెద్దలు సినిమాను కూడా నాటకంలాగే తిప్పారు. ప్రింటు, ప్రొజెక్టరు వాన్‌లో వేసుకుని ఊరూరా వెళ్లడం, హాలు అద్దెకు తీసుకోవడం, టికెట్ల దగ్గర సొంత మనుషులను కూర్చోబెట్టడం. లాగోస్‌లోని నేషనల్ థియేటర్ నుంచి చిన్న ఊరి బడి హాలు దాకా ఇదే పద్ధతి. పండగల రోజులు, ముఖ్యంగా క్రిస్మస్, ఈస్టర్, రంజాన్, బక్రీద్ సెలవులు వీరికి పంట కోతల కాలం.

లాభం స్పష్టంగానే ఉంది. మధ్యలో దళారీ లేడు, లెక్కలో మోసం లేదు. నష్టం కూడా అందులోనే ఉంది. మనిషి ఎక్కడుంటే అక్కడే వసూలు. ఒకే రోజు ఒకటి రెండు చోట్లకు మించి ఆడించలేరు. నిర్మాతల్లో కొందరు ఖర్చు తగ్గించుకోవడానికి నెగెటివ్ అవసరం లేని 16 ఎంఎం రివర్సల్ ఫిల్ము మీద తీసేవారు. అంటే కెమెరాలో తిరిగిన ఫిల్మే ప్రొజెక్టర్లో తిరుగుతుంది. ఆడించిన ప్రతిసారీ గీతలు పడుతుంది, తెగుతుంది, అతుకు వేస్తారు. ఆ తరం సినిమాలు నేడు సరిగా దొరక్కపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

బాబా సాలాకు తగిలిన దెబ్బ

ఈ పద్ధతిలో పగులు ఎక్కడుందో మోసెస్ ఒలాయా అనుభవం చూపిస్తుంది. బాబా సాలా వేషంతో ఆయన నైజీరియా అంతటికీ తెలిసిన హాస్యనటుడు. పెద్ద బో టై, కళ్లకు అతిపెద్ద జోడు, చేతికి గడియారం బదులు గోడ గడియారమంత వస్తువు. ఆయన సమాజం ఆటలు టీవీలో కూడా బాగా నడిచాయి. పెద్ద మొత్తం అప్పు తెచ్చి 1982లో బాలొగున్ దర్శకత్వంలో 'ఓరున్ మూరు' తీశారు. ఊళ్లు తిప్పి డబ్బు రాబట్టుకునేలోపే సినిమా దొంగ వీడియో క్యాసెట్ల రూపంలో బజార్లోకి వచ్చేసింది. ఒక్కసారి ఇంట్లో చూసినవాడు టికెట్ కొని హాలుకు ఎందుకు వస్తాడు? ఆ అప్పుల నుంచి ఆయన ఆర్థికంగా పూర్తిగా కోలుకోలేదు. 2018లో కన్నుమూశారు.

దీన్ని ఒక్క మనిషి దురదృష్టంగా చూస్తే అసలు విషయం దాటిపోతుంది. నాటకాన్ని ఎవరూ దొంగిలించలేరు, ఎందుకంటే బాబా సాలాను ఎత్తుకెళ్లాలి. సినిమాను దొంగిలించవచ్చు, ఒక్క రాత్రి ప్రింటు చేతికి దొరికితే చాలు. సమాజం పెద్దల రక్షణ ఏర్పాటంతా టికెట్ పెట్టె చుట్టూనే ఉంది, కాపీ హక్కు చుట్టూ లేదు. దొంగ క్యాసెట్ అమ్మేవాడి మీద కేసు నడిపి గెలిచే యంత్రాంగం అప్పటి నైజీరియాలో లేదనే చెప్పాలి.

1986 తర్వాత

మిగిలిన దెబ్బ ఆర్థిక విధానం నుంచి వచ్చింది. చమురు ధరలు పడిపోయాయి. 1986లో నిర్మాణాత్మక సర్దుబాటు కార్యక్రమం అనే ఆర్థిక సంస్కరణల కింద నైజీరియా కరెన్సీ నైరా విలువ భారీగా పడిపోయింది. ఫిల్ము దిగుమతి, విదేశీ ల్యాబ్ ఖర్చు, బయటి టెక్నీషియన్ల జీతం అన్నీ విదేశీ కరెన్సీలోనే. టికెట్ మాత్రం నైరాలో. నగరాల్లో రాత్రిపూట దోపిడీల భయం పెరగడంతో కుటుంబాలు హాళ్లకు రావడమూ తగ్గింది. ఒగుండే చివరి సొంత సినిమా 1988లో వచ్చింది. నైజీరియాకు నేషనల్ ట్రూప్ (జాతీయ కళాబృందం) తయారుచేసే బాధ్యతను ప్రభుత్వం ఆయనకు అప్పగించింది కూడా ఆ దశాబ్దంలోనే. ఒకప్పుడు నిషేధించిన మనిషికే ఆ పని దక్కింది. నైజీరియాలో చిత్రీకరించిన బ్రూస్ బెరెస్‌ఫోర్డ్ సినిమా 'మిస్టర్ జాన్సన్'లో నటించాక, 1990 ఏప్రిల్ 4న ఆయన లండన్‌లో చనిపోయారు.

ఫిల్ము కొనలేని సమాజాలు నేరుగా వీడియో కెమెరాతో తీయడం మొదలుపెట్టాయి. క్యాసెట్ల వ్యాపారి కెనెత్ న్నెబుయే ఇలా యోరుబా వీడియో సినిమాలకు పెట్టుబడి పెట్టి, అదే అనుభవంతో 1992లో ఇగ్బో భాషలో 'లివింగ్ ఇన్ బాండేజ్' నిర్మించారు. నాలీవుడ్ పుట్టుకగా చెప్పుకునే ఆ సినిమా వెనుక యోరుబా సమాజాల పాఠం ఉంది. న్నెబుయే తెచ్చిన మార్పు ఏమిటంటే, క్యాసెట్‌ను శత్రువుగా చూడకుండా దాన్నే సరుకుగా అమ్మడం. దొంగ కాపీ వచ్చేలోపు వేల క్యాసెట్లు చవగ్గా బజార్లోకి దించి డబ్బు రాబట్టుకోవడం. దీంతో సినిమా వ్యాపారంలో పట్టు నటుడి నుంచి క్యాసెట్ వ్యాపారి చేతికి మారింది.

వారసుల లెక్క

అదె లవ్ 1996లో చనిపోయారు. ఆయన కొడుకు కున్లే అఫోలయాన్ బ్యాంకు ఉద్యోగం వదిలి సినిమాల్లోకి వచ్చి, 'అనికులాపో' తీశారు. ఒయో రాష్ట్రంలో సొంత ఫిల్మ్ విలేజ్ కూడా కట్టుకున్నారు. 'జగున్ జగున్' నిర్మాత ఫెమి అదెబాయో, సీనియర్ నటుడు అదెబాయో సలామి కొడుకు. నాటక సమాజాల రోజుల నుంచి వచ్చిన ఇళ్లే నేటికీ యోరుబా సినిమాలో ముందున్నాయి. వేషభాషలు, మంత్రాలు, సామెతలు బడిలో నేర్పేవి కావు, ఇంట్లో చేతికి వచ్చేవి.

మారింది డబ్బు వచ్చే దారి. ఓటీటీ ఒప్పందంలో ముందే మాట్లాడుకున్న మొత్తం వస్తుంది, ఎంతమంది చూసినా టికెట్ లెక్క ఉండదు. పైరసీ భయం కొంత తగ్గుతుంది కానీ, నిర్మాత భవిష్యత్తు ఒక విదేశీ కంపెనీ ఆసక్తి మీద ఆధారపడుతుంది. సినిమా హాళ్లలో పరిస్థితి వేరు. కొత్త మల్టీప్లెక్సుల్లో టికెట్లు కంప్యూటర్‌లో నమోదవుతాయి కాబట్టి లెక్క కోసం మనిషిని కూర్చోబెట్టక్కర్లేదు. యోరుబా సినిమాల నుంచి ఎదిగిన ఫున్కే అకిండెలే 2023 డిసెంబర్‌లో విడుదల చేసిన 'ఎ ట్రైబ్ కాల్డ్ జూడా' నైజీరియాలో వంద కోట్ల నైరాలు దాటిన తొలి స్వదేశీ సినిమా అయింది. విడుదలకు ఎంచుకున్నది మళ్లీ క్రిస్మస్ సెలవులే. సినిమా ఆడినన్నాళ్లూ ఆమె హాలు నుంచి హాలుకు తిరుగుతూ ప్రేక్షకులను కలవడం ఆ వసూళ్లకు బాగా తోడ్పడింది.